కౌంటర్ మీద నడవాలి

చిన్నీకి,

మావయ్య ఆశీస్సులు. పూర్ణా మార్కెట్ షాపు వాళ్ల బిల్లింగ్ ప్రోగ్రాంని సోర్సు కోడ్ నుంచి బిల్డ్ చేసి (నడిచే ప్రోగ్రాంగా మార్చి), కౌంటర్లన్నిటి మీదా ఎక్కించే పని నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అది రాసింది సీ ప్లస్ ప్లస్ భాషలో, స్క్రీన్లు కట్టే క్యూటీ లైబ్రరీతో అని విన్నాను కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను.

ముందు రీడ్‌మీ (సోర్సుతో వచ్చే సూచనల ఫైల్) ఆసాంతం చదువు. అందులో ఏ వెర్షన్లు రాశారో అవే పెట్టుకో, కొత్తవి వచ్చాయి కదా అని మార్చకు. విజువల్ స్టూడియో కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే టూల్) వాడితే క్యూటీ కూడా దానికోసం బిల్డ్ చేసిందే ఉండాలి. మింగ్‌డబ్ల్యూ అనే వేరే కంపైలర్ కోసం చేసిన క్యూటీ తెచ్చి కలిపితే, ముక్కలన్నీ జతచేసే లింకర్ దగ్గర ఆగిపోతుంది. సోర్సు ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్‌లో కాకుండా సీ డ్రైవ్‌లోనే చిన్న పేరుతో పెట్టు. ఫైల్ పాత్ (ఫోల్డర్ల పేర్లతో సహా పూర్తి చిరునామా) 260 అక్షరాలు దాటితే చాలా టూల్స్ మొరాయిస్తాయి. ఎర్రర్లు వరసగా వచ్చిపడినా టెన్షన్ పడకు, మొదటిది సరిచేస్తే మిగతావి చాలామటుకు అవే పోతాయి.

అసలు పని బిల్డ్ అయ్యాకే మొదలవుతుంది. నీ ల్యాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేయగానే తెరుచుకుంటుంది, ఎందుకంటే అందులో క్యూటీ, కంపైలర్ అన్నీ ఉన్నాయి. కౌంటర్ కంప్యూటర్లలో అవేవీ ఉండవు. రిలీజ్ బిల్డే (వాడేవాళ్లకిచ్చే రూపం) తియ్యి. తప్పులు వెతకడానికి వాడే మైక్రోసాఫ్ట్ డీబగ్ డీఎల్ఎల్‌లు (ప్రోగ్రాంకి కావలసిన లైబ్రరీ ఫైళ్లు) బయట పంచడానికి వాళ్ల లైసెన్సు ఒప్పుకోదు. ఆ ఎక్స్‌ఈని (బిల్డ్ అయిన ప్రోగ్రాం ఫైల్) ఖాళీ ఫోల్డర్‌లో వేసి, దానిమీద కావలసిన క్యూటీ ఫైళ్లు తెచ్చిపెట్టే విన్‌డిప్లాయ్‌క్యూటీ నడుపు. తర్వాత ఫోల్డర్ తెరిచి నీ కళ్లతో చూసుకో. 'ప్లాట్‌ఫామ్స్' లోపల క్యూవిండోస్ డీఎల్ఎల్ ఉందా? అది లేకపోతే ప్రోగ్రాం తెరుచుకోనే తెరుచుకోదు. డేటాబేస్ ఎస్‌క్యూలైట్ అయితే 'ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్' లోపల దాని డీఎల్ఎల్ కూడా ఉండాలి. క్యూటీవి కాని లైబ్రరీలను ఆ టూల్ తీసుకురాదు. ప్రోగ్రాం ఏయే డీఎల్ఎల్‌లు అడుగుతోందో డంప్‌బిన్ అనే టూల్‌తో చూసుకుని నువ్వే చేర్చాలి. విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌ని (ఆ కంపైలర్‌తో చేసిన ప్రోగ్రాంలు నడవడానికి కావలసిన ఫైళ్లు) కూడా ఇన్‌స్టాల్ చేసే సెటప్ ఫైల్‌లోనే కలిపెయ్యి.

సెటప్ ఫైల్ తయారు చేయడానికి ఇన్నో సెటప్ అనే టూల్ చాలు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. బిల్లుల డేటాబేస్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకు. మామూలు యూజర్‌కి అక్కడ రాసే హక్కు ఉండదు, బిల్లు సేవ్ కాదు. 'అడ్మిన్‌గా నడపండి' అని క్యాషియర్‌కి చెప్పి పని గడుపుకోవడం నాకు నచ్చదు. ప్రోగ్రామ్‌డేటాలో (ప్రోగ్రాంల డేటా కోసం విండోస్‌లో ఉండే ఉమ్మడి చోటు) ఫోల్డర్ చేసి, దానికి రాసే అనుమతి సెటప్‌లోనే ఇచ్చెయ్యి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ ఫోల్డర్ చెరిగిపోకూడదు, వాళ్ల ఏడాది లెక్కలు అందులోనే ఉంటాయి.

డిజిటల్ సంతకం చేయని సెటప్‌ని నెట్ నుంచి దించితే విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ రక్షణ అడ్డుపడుతుంది. ఒక్క షాపుకే కాబట్టి ఆ సంతకానికి కావలసిన సర్టిఫికెట్ ఖర్చు ఇప్పుడే వద్దు, నువ్వే దగ్గరుండి ఎక్కించు.

నీది విండోస్ ప్రో అయితే అందులో విండోస్ శాండ్‌బాక్స్ ఆన్ చేసుకో, తెరిచిన ప్రతిసారీ ఖాళీ విండోస్ వస్తుంది. ముందు అక్కడ ఎక్కించి, ఒక బిల్లు కొట్టి, ప్రింటు దాకా చూడు. ఆదివారం ఎంవీపీ కాలనీకి రా. విండోస్ తప్ప ఇంకేమీ లేని పాత ల్యాప్‌టాప్ నా దగ్గర ఒకటుంది. మామూలు యూజర్ అకౌంట్‌లో నీ సెటప్ ఎక్కించి చూద్దాం.

మావయ్య