ఆధునికవాద కట్టడానికి కొత్త కుర్చీ: పాతదానికి నకలు చేయాలా, కొత్తగా గీయాలా?

1950ల నాటి ఆధునికవాద కట్టడంలోని సమావేశ మందిరానికి కుర్చీలు మార్చవలసి వస్తే పాతవాటికి నకళ్లు చేయించాలా, నేటి రూపంలో కొత్తవి గీయాలా అని అడిగారు. అటువంటి మందిరానికి కుర్చీలు రూపొందించిన బృందంలో పనిచేశాను గనుక నా అభిప్రాయం చెబుతాను. పాత కుర్చీలు బాగుపడే స్థితిలో ఉంటే వాటినే బాగుచేయించండి. లేనప్పుడు కొత్తది గీయండి, అయితే దాని కొలతలను ఆ గది నుంచే తీసుకోండి.

ఆ తరం వాస్తుశిల్పులు అలంకారాన్ని చాలావరకు వదులుకున్నారు కాబట్టి అటువంటి గదిలో కంటికి ఆనేవి గీతలూ నిష్పత్తులే. కిటికీ గట్టు ఎత్తు, గోడకు తొడిగిన చెక్క పలకల అతుకులు, బల్ల అంచు మందం ఒకదానితో ఒకటి లెక్కగా కుదిరి ఉంటాయి. విడిగా ఒక కుర్చీ ఆ లెక్కను చెడగొట్టదు గానీ, పదుల సంఖ్యలో వరుసగా పెట్టినప్పుడు వాటి వీపుల పై అంచులన్నీ కలిసి గదికి అడ్డంగా మరో గీత గీస్తాయి. ఆ గీత కిటికీ గట్టుకు కొంచెం దిగువన ఉండాలని మేము మొదటే నిర్ణయించుకున్నాం. వీపు పొట్టిదైతే గంటల తరబడి కూర్చునేవారికి ఇబ్బంది కాదా అని నిర్వాహకులు సందేహించారు. నడుముకు ఆసరా కావలసింది ఆసనానికి సుమారు 15 నుంచి 25 సెంటీమీటర్ల పైన కాబట్టి, అక్కడ వంపు సరిగా కుదిరితే పొట్టి వీపు కూడా సుఖంగానే ఉంటుంది. కుర్చీ చేతులు బల్లకు తగలకుండా ఉండాలంటే బల్ల పలక అడుగు భాగం నేలకు ఎంత ఎత్తులో ఉందో తప్పకుండా కొలవండి. జర్మన్ వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె, రూపకర్త లిల్లీ రైష్ 1930 ప్రాంతంలో చెక్ నగరం బ్ర్నోలోని టుగెన్‌ధాట్ ఇంటికి రూపొందించిన కుర్చీ చేతులు వంపు తిరిగి ఉండటం వల్ల దాన్ని బల్ల దగ్గరకు చక్కగా జరుపుకోవచ్చు.

కొలతలు గదివి కావాలన్నంత మాత్రాన ఆకారం కూడా గదిదే కావాలని కాదు. డెన్మార్క్ వాస్తుశిల్పి ఆర్నే యాకోబ్సెన్ కోపెన్‌హేగన్‌లో కట్టిన ఎస్ఏఎస్ రాయల్ హోటల్ 1960లో తెరుచుకుంది. బయటికి తిన్నని గీతల గాజుపెట్టెలా కనిపించే ఆ భవనానికి ఆయన గీసిన ఎగ్ (గుడ్డు), స్వాన్ (హంస) అనే కుర్చీలలో తిన్నని గీత దాదాపు కనబడదు. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వ మండలి (ట్రస్టీషిప్ కౌన్సిల్) సమావేశ మందిరం మీ ప్రశ్నకు ఇంకా దగ్గరి ఉదాహరణ. డెన్మార్క్ రూపకర్త ఫిన్ యూల్ తీర్చిదిద్దిన ఆ మందిరాన్ని పునరుద్ధరించి 2013లో తిరిగి తెరిచినప్పుడు, పోటీలో ఎంపికైన కాస్పర్ సాల్టో, థామస్ సిగ్స్‌గార్డ్‌ల కొత్త కుర్చీలకు అక్కడ చోటిచ్చారు. వారసత్వ కట్టడమంటే కొత్తదేదీ లోపలికి రాకూడదనే వాదనకు నా దృష్టిలో ఇదే తగిన జవాబు.

చెక్క రంగును గోడ పలకల రంగుతో కలపాలనే పట్టుదల మాత్రం పెట్టుకోకండి. వెలుతురు తగిలే కొద్దీ వాల్‌నట్ లేతబడుతుంది, ఓక్ ముదురుతుంది, దశాబ్దాల నాటి పలక తన మార్పును ఎప్పుడో ముగించుకుని ఉంటుంది. ఈరోజు రంగు పూసి సరిపోల్చినా కొన్నేళ్లకు రెండు రంగులూ వేరైపోతాయి. స్పష్టంగా వేరుగా కనిపించే రంగే మేలని నేనంటాను. పాత మొజాయిక్ గచ్చు మీద గీతలు పడకుండా కాళ్లకు మెత్తని తొడుగులు వేయించండి, కుర్చీని నేలకు బిగించవద్దు.

నమూనాను పరీక్షించేటప్పుడు ఒకే కుర్చీని తెప్పించి మధ్యలో పెట్టి చూడటం వల్ల ప్రయోజనం తక్కువ. కనీసం ఒక వరుసకు సరిపడా అట్టముక్కలతోనైనా వీపులు కోయించి, బల్లల వెంట నిలబెట్టి, తలుపు దగ్గర నుంచి చూడండి. మందిరంలోకి అడుగుపెట్టేవారికి ముందుగా కనబడేది కుర్చీ వెనుక వైపే కాబట్టి, గుడ్డ కుట్లూ మరలూ అక్కడ ఎలా ముగుస్తాయన్నది కూడా అప్పుడే తేల్చుకోవచ్చు.