చుక్క నుంచి టన్నుకి నాలుగేళ్లు

ప్రశ్న: సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసే గ్రీన్ హైడ్రోజన్‌కి కొత్త ఉత్ప్రేరకం దొరికింది, ఇక చవకైపోతుంది అని తరచూ వార్తలు చదువుతున్నాను. ల్యాబ్‌లో పనిచేసింది ఫ్యాక్టరీకి రావడానికి ఇంత ఆలస్యం ఎందుకు సార్?
– కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మా, నేను ముప్పై ఏళ్లు ఎరువుల కర్మాగారంలో మెయింటెనెన్స్ చూసినవాణ్ణి. నీ ప్రశ్న చదవగానే నాకు ముందు ఉక్కు గుర్తొచ్చింది, ఉత్ప్రేరకం తర్వాతే.

1909 జులైలో జర్మనీలోని కార్ల్స్‌రూలో ఫ్రిట్జ్ హేబర్ నైట్రోజన్‌నీ హైడ్రోజన్‌నీ కలిపి ఎరువులకి మూలమైన అమ్మోనియా తయారుచేసి చూపించాడు. బల్ల మీద పట్టే పరికరం, చుక్కలు చుక్కలుగా అమ్మోనియా. అదే పద్ధతితో జర్మనీలోనే ఓపావులో బీఏఎస్ఎఫ్ అనే రసాయనాల కంపెనీ ప్లాంటు నడిచింది 1913 సెప్టెంబరులో, రోజుకు 30 టన్నుల లెక్కన. నువ్వడిగిన ఆలస్యమంతా ఆ నాలుగేళ్లలోనే ఉంది.

హేబర్ ఉత్ప్రేరకంగా వాడిన ఆస్మియం ప్రపంచంలోనే అరుదైన లోహం. దాని బదులు ఇంకేదైనా దొరుకుతుందేమోనని బీఏఎస్ఎఫ్ రసాయన శాస్త్రవేత్త ఆల్విన్ మిట్టాష్ బృందం వేల ప్రయోగాలు చేసింది. చివరికి స్వీడన్ ఇనుప ఖనిజం దారి చూపింది. ఇనుములో కాస్త అల్యూమినా, పొటాష్ కలిపితే సరిపోయింది. ఇవాళ్టికీ చాలా ప్లాంట్లలో ఆ ఇనుమే.

అంతకన్నా పెద్ద చిక్కు గొట్టంతో వచ్చింది. అదే కంపెనీ ఇంజినీరు కార్ల్ బాష్ కట్టిన రియాక్టర్ గొట్టాలు సుమారు 80 గంటలకే పగిలిపోయాయి. కోసి చూస్తే, ఆ వేడిలో, ఆ పీడనంలో హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి అందులోని కార్బన్‌ని తినేసింది. ఉక్కు పెళుసుబారింది. బాష్ రసాయన శాస్త్రానికి ముందు లోహాల చదువు చదివినవాడు. లోపల కార్బన్ లేని మెత్తని ఇనుప తొడుగు వేశాడు, పీడనం తట్టుకోవడానికి బయట ఉక్కు ఉంచాడు. ఆ ఉక్కుకి సన్నని రంధ్రాలు పెట్టించాడు. తొడుగు దాటి వచ్చిన హైడ్రోజన్ ఉక్కుని పాడుచేయకుండా వాటిలోంచి బయటికి పోయింది.

మా యూరియా రియాక్టరుకీ అలాంటి రంధ్రాలుండేవి, వీప్ హోల్స్ అనేవాళ్లం. అక్కడ వాటి పని వేరు. ప్రతి షిఫ్టులో టార్చి పట్టుకుని మెట్లెక్కి ఒక్కొక్కటే చూసేవాణ్ణి. అంచున తెల్లని పొడి కనబడితే లోపలి తొడుగు కారుతున్నట్టే. అది చూసిన రాత్రి నిద్ర పట్టేది కాదు.

అందుకే కొత్త ఉత్ప్రేరకం వార్త చూస్తే నేను రెండే అడుగుతాను: ఎన్ని గంటలు నడిచింది? అందులో ఏ లోహం ఉంది? ప్లాంటు ఏడాదికి 8,000 గంటలు నడవాలి. నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్లలో ఒక రకానికి ఇప్పటికీ ఇరిడియం అనే లోహం కావాలి. అదీ ఆస్మియంలాగే అరుదు.

ప్రశ్న: అంతకాలం డబ్బు ఎవరు పెడతారు?
– అదే పాఠకురాలు

జవాబు: అమ్ముకోవడానికి వేరే సరుకు ఉన్నవాళ్లు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బేయర్ 1880లో, అంతవరకూ మొక్క నుంచి తీసే నీలిమందు రంగుని ల్యాబ్‌లో చేశాడు. బీఏఎస్ఎఫ్ దాన్ని 1897లో మార్కెట్లో పెట్టింది. ఆ పదిహేడేళ్లూ మిగతా రంగుల మీద వచ్చిన లాభమే ఆదుకుంది. తర్వాత మన కడప వైపు నీలిమందు సాగు చేసిన రైతులూ ఈ ఫ్యాక్టరీ రంగుతో దెబ్బ తిన్నారు. కొత్త ఇంధనం వచ్చినప్పుడు పాతదాని మీద బతికేవాళ్ల లెక్క కూడా ముందే వేసుకోవాలని నేను గట్టిగా అంటాను.

నువ్వు లోహశాస్త్రం ఎలక్టివ్ తప్పకుండా తీసుకో. ట్రైనింగ్‌కి వెళ్లినచోట మరమ్మతులకి ప్లాంటు ఆపే షట్‌డౌన్ ఉంటే, విప్పిన గొట్టాన్ని చేత్తో తడిమి చూడు.