ఒకే కాలేజీ, రెండు పట్టాలు

ప్రశ్న: నేను 1996లో నెల్లూరులో బి.ఎడ్. చదివాను. పట్టా మీద శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరుంది. మా అమ్మాయి అదే కాలేజీలో చదివి 2019లో బయటికొస్తే, తన పట్టా మీద విక్రమ సింహపురి పేరు. నాది ఏడాది కోర్సు, తనది రెండేళ్లు. ఈమధ్య ఒక ప్రైవేటు బడిలో నా పట్టా తిరగేసి ‘‘పాత కోర్సు చెల్లుతుందా?’’ అన్నారు. పళ్లిపాడు డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) కూడా సింహపురి కిందకే వస్తుందా?
– ఒక ఉపాధ్యాయిని, కావలి

జవాబు: నిక్షేపంలా చెల్లుతుందమ్మా. బి.ఎడ్.కు ముగ్గురు యజమానులు. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం, గుర్తింపు ఇచ్చేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష పెట్టి సీట్లు నింపేది రాష్ట్రం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పుట్టింది, నెల్లూరు కాలేజీలు దాని నీడలోనే పెరిగాయి. 2008లో జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. కాలేజీ గోడలు కదల్లేదు, బోర్డు మీద చివరి వరుస మారిందంతే. మార్కుల జాబితాలో ఇంటిపేరు తప్పు పడితే తిరుపతి బస్సెక్కే తిప్పలు మాత్రం తప్పాయి!

ఇక రెండేళ్ల సంగతి. ఆ మండలి 1973లో సలహాలిచ్చే సంఘంగా మొదలైంది. 1993 చట్టంతో దానికి అధికారం దక్కింది, 1995లో పని మొదలుపెట్టింది. బి.ఎడ్.ను రెండేళ్లు చేసింది 2014 నిబంధనలు. అవి ఆ తర్వాత చేరినవారికే గాని, అంతకుముందే పట్టా పుచ్చుకున్నవారి జోలికి రావు.

బడిలో గడిపే కాలం 20 వారాలకు పెరిగింది, మంచిదే. అలాగని ఏడాదిలో ఏమీ నేర్పలేదంటే ఒప్పుకోను. సూక్ష్మబోధన, అదే చిన్న పాఠంతో బోధన సాధన, గుర్తుందా? ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు విమర్శ, పన్నెండు నిమిషాలు దిద్దుబాటు, మళ్లీ ఆరు పాఠం, ఆరు విమర్శ. తోటి విద్యార్థులే పిల్లలై కూర్చుంటే నేను వెనుక బెంచీలో గడియారం పట్టుకునేవాణ్ణి. కోవూరు కుర్రాడొకడు ఆ మొదటి ఆరు నిమిషాలూ నల్లబల్ల తుడవడంతోనే సరిపెట్టాడు. రెండోసారి తుడిచిన బల్లతోనే మొదలుపెట్టి, భిన్నాలు చక్కగా చెప్పాడు.

పళ్లిపాడు డైట్ ఏ విశ్వవిద్యాలయం కిందకీ రాదు. డైట్‌లు 1986 విద్యా విధానంతో వచ్చినవి, పాఠశాల విద్యాశాఖవి. అక్కడ ఇచ్చేది డిప్లొమా, డిగ్రీ కాదు.

ఈసారి ఆ బడికి వెళ్లేటప్పుడు పట్టాతోపాటు మార్కుల జాబితా కూడా పట్టుకెళ్లండి. మీరు ఏ ఏడాది పరీక్ష రాశారో వాళ్లే చూసుకుంటారు.