జాక్సన్ హాలిడే 2024లో తడబడింది దురదృష్టం వల్లేనా, తొందరపడి పైకి తేవడం వల్లా?

అమెరికా బేస్‌బాల్ జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2022లో మొట్టమొదట ఎంపికైన కుర్రాడు హాలిడే. 2024 ఏప్రిల్‌లో, 20 ఏళ్లకే మేజర్ లీగ్ (అగ్రశ్రేణి లీగ్) జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్ తరఫున దిగి, తొలి 10 మ్యాచ్‌లలో 34 అట్-బ్యాట్‌లకు (బ్యాటింగ్ అవకాశాలకు) రెండే హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టాడు. వెంటనే కింది స్థాయి మైనర్ లీగ్‌కు పంపేశారు. ఫ్యాన్స్ రెండు వర్గాలైపోయారు.

బేస్‌బాల్‌లో పదిసార్లకు మూడు హిట్లు కొడితేనే గొప్ప బ్యాటర్. అందుకే పది మ్యాచ్‌ల సగటు చూసి ఎవరినీ తేల్చేయకూడదు. గట్టిగా కొట్టిన బంతి నేరుగా ఫీల్డర్ చేతికి వెళ్తే అది దురదృష్టమే. కానీ హాలిడే 18 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, అంటే అసలు బంతి బ్యాట్‌కే సరిగా తగల్లేదు. దీన్ని దురదృష్టం అనలేం. మేజర్ లీగ్ పిచింగ్‌కు (క్రికెట్‌లో బౌలింగ్ లాంటిది) అతను ఇంకా సిద్ధంగా లేడు, వెనక్కి పంపడం సరైన పనే అని నా గట్టి అభిప్రాయం.

అలాగని అతని పని అయిపోయిందన్న వాళ్ల మాట అన్యాయం. స్టార్ ఆటగాడు మైక్ ట్రౌట్ కూడా 2011లో 40 మ్యాచ్‌లాడి .220 సగటే (వంద అట్-బ్యాట్‌లకు 22 హిట్లు) చేశాడు, మరుసటి ఏడాదే రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు. హాలిడే జులై 31న తిరిగొచ్చి, ఆ రోజే గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకు నాలుగు పరుగులు) కొట్టాడు.