డీన్ స్మిత్ సెంటర్: విరాళం దేనికివ్వాలి?

ప్రశ్న: నేను చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో చదువుకున్నాను. మా బాస్కెట్‌బాల్ అరీనా డీన్ స్మిత్ సెంటర్‌ను బాగుచేయించాలా, వేరే చోట కొత్తది కట్టాలా అని పూర్వ విద్యార్థుల మధ్య పెద్ద వాదనే నడుస్తోంది. నేనూ కొంత విరాళం ఇద్దామనుకుంటున్నాను. స్ట్రక్చరల్ ఇంజనీరుగా మీరైతే దేనికిస్తారండీ?
– ఒక పాఠకుడు, కేరీ

జవాబు: బాగుచేయడానికే ఇస్తాను. కాకపోతే షరతు పెట్టి ఇస్తాను.

1986లో తెరిచిన కట్టడం అది. చూసుకుంటూ వస్తే ఆ వయసు కాంక్రీటుకు ఏమంత ఎక్కువ కాదు. ఇలాంటి వాటిలో ముందుగా పాడయ్యేవి పైకప్పు పొరలు, నీళ్ల పైపులు, కరెంటు వైరింగు, ఏసీ. ఇవన్నీ మార్చుకోవచ్చు. మార్చడం కష్టమైనవి సీట్ల వరుసల వాలు, జనం తిరిగే కాంకోర్స్ వెడల్పు. లాస్ ఏంజెలెస్‌లో 1965 నాటి పాలీ పెవిలియన్ అరీనాకు యూసీఎల్‌ఏ యూనివర్సిటీ వాళ్లు అదీ చేశారు. కాంకోర్స్ పెంచారు, సీట్లను కోర్టు దగ్గరికి జరిపారు, 2012లో మళ్లీ తెరిచారు. ఖర్చు 13 కోట్ల డాలర్లు దాటింది. మధ్యలో ఒక సీజనంతా జట్టు బయట అరీనాలో ఆడాల్సి వచ్చింది.

మీవాళ్ల అసలు ఫిర్యాదు మాత్రం పైపుల గురించి కాదు, హోరు లేకపోవడం గురించి. సీట్లు 21,750. అయినా కోర్టు చుట్టూ కుర్రాళ్లు తక్కువ. కట్టేటప్పుడు చందాలిచ్చిన దాతలకు కింది వరుసల్లో సీట్ల హక్కులు రాసిచ్చారు మరి. పక్క ఊరు డర్హంలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల కామెరాన్ అరీనా చూడండి. 1940 నాటిది, పట్టేది 9,314 మంది. విద్యార్థులు కోర్టును ఆనుకుని నిలబడి అరుస్తుంటే అవతలి జట్టుకు తమ కోచ్ మాట కూడా వినపడదు. చాపెల్ హిల్‌లో మార్చాల్సింది ఆ సీట్ల ఒప్పందం. అది మారకుండా ఎన్ని కోట్లు పోసినా ఆటలో ఊపు రాదు.

కొత్తది కడితే ఆ హక్కులు వాటంతటవే పోతాయి కదా అంటారు కొందరు. నిజమే కావచ్చు. కానీ కొత్త అరీనాకు డబ్బు కావాలి కాబట్టి మళ్లీ మంచి సీట్లనే అమ్ముతారని నా భయం. పైగా, క్యాంపస్‌కు దూరంగా కడితే హాస్టల్ నుంచి నడిచి వచ్చే పిల్లలు బస్సు కోసం నిలబడాలి. పాతదాన్ని ఏం చేయాలన్న ఖర్చు ఒకటి ఉండనే ఉంది. వర్జీనియా యూనివర్సిటీ 2006లో కొత్త అరీనాకు మారింది. పాత అరీనా అయిన యూనివర్సిటీ హాల్‌ను కూల్చింది 2019లో. అదీ ముందు లోపలి ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే నార పదార్థం) అంతా తీయించాక.

ఇండియానాపొలిస్‌లో బట్లర్ యూనివర్సిటీ అరీనా హింకిల్ ఫీల్డ్‌హౌస్‌ది వేరే దారి. 1928లో తెరిచినప్పుడు 15,000 మంది పట్టేది. బాగుచేస్తూ సీట్లు తగ్గించుకుంటూ వచ్చి ఇప్పుడు సుమారు 9,100 దగ్గర నిలిపారు. సీట్లు తగ్గించడమంటే ఏ యూనివర్సిటీకైనా ప్రాణం మీదికి వస్తుంది, టికెట్ల రాబడి కదా! అయినా మీవాళ్లూ నాలుగైదు వేల సీట్లు వదులుకుని, ఆ చోటును కాంకోర్స్‌కు, వీల్‌చైర్లో వచ్చేవాళ్లకు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి చెక్కు రాసే ముందు ఉత్తరం రాయండి. కోర్టు పక్క సీట్లు విద్యార్థులకు ఇస్తామని రాతపూర్వకంగా చెప్తారా అని అడగండి. పని జరిగే సీజన్లో ఆటలు ఎక్కడ పెడతారో కూడా అడగండి. రాలీలోనూ గ్రీన్స్‌బరోలోనూ పెద్ద అరీనాలున్నాయి, వాటి అద్దె అంచనాలో వేశారో లేదో కనుక్కోండి. సీట్ల గురించి జవాబు దాటవేస్తే, ఆ డబ్బు అదే యూనివర్సిటీలో ఎవరైనా విద్యార్థి ఫీజుకు ఇవ్వండి.