‘ఆ చేతిలోది కూడా చూడండి’ అన్న పిల్ల

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆరేళ్ళ మా బాబుకు రెండేళ్ళ క్రితం బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. కీమో నడుస్తుండగానే జబ్బు తిరగబెట్టడంతో నాలుగు నెలలుగా హైదరాబాదులో ఆస్పత్రిలోనే ఉంటున్నాను. బోన్ మ్యారో (ఎముకల్లోని మూలుగ) మార్పిడి కోసం మా పెద్దపాప రక్తం పరీక్ష చేయిస్తే మ్యాచ్ కాలేదు. ఇప్పుడు మావారి నుంచి సగం మ్యాచింగ్‌తో చేసే ఆలోచనలో డాక్టర్లు ఉన్నారు. పదకొండేళ్ళ పెద్దపాప మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. తమ్ముడికి జ్వరం అని చెప్పాం. ఈమధ్య ఫోన్‌లో సరిగా మాట్లాడటం లేదు కానీ, దాని గురించి దిగులు లేదు. వార్డులో ఒక సిస్టర్ బాబును బాగానే చూస్తుంది. ఆమె డ్యూటీలో ఉన్న రోజు వాడు సూదికి కూడా ఏడవడు. మొన్న ఆమె నన్ను పక్కకు పిలిచి పాలియేటివ్ కేర్ వాళ్ళతో మాట్లాడమంది. అంతటితో ఆగక, పాపను ఒకసారి తీసుకురమ్మని, శాంపిల్ ఇచ్చిన రోజు అది ‘ఈ చేతిలోది కలవకపోతే ఆ చేతిలోది కూడా చూడండి’ అని తనను అడిగిందని చెప్పింది. మా ఇంటి సంగతులు ఆమెకెందుకు? బిడ్డ మీద ఆశ వదులుకోమనడమా ఇది? హెడ్ సిస్టర్‌తో చెప్పి ఆమెను మార్పించమని అడగవచ్చా?

జవాబు: అమ్మా, అడగవద్దు. సిస్టర్‌ను మార్పించడం గురించి నేను చెప్పేది ఇంతే. మీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వనిది ఆ సిస్టర్ సంగతి కాదు, ‘దాని గురించి దిగులు లేదు’ అని మీరు రాసిన ఒక్క వాక్యం.

ముందు మీ భయం తీరుస్తాను. పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేసిన తరువాత పంపించే చోటు అని మనలో చాలామంది అనుకుంటారు. పిల్లల విషయంలో ఈ సేవ జబ్బు తేలిన రోజునే మొదలు కావాలని, జబ్బుకు చికిత్స జరుగుతున్నా లేకపోయినా కొనసాగాలని, బిడ్డ శరీరంతో పాటు మనసును, బిడ్డతో పాటు కుటుంబాన్ని చూసుకోవడం అందులో భాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే చెప్పింది. నొప్పి, వాంతులు, నోటిపూత, నిద్రలేమి, భయం, వీటిని తగ్గించే పని అది. మార్పిడికి సిద్ధం చేస్తున్న బిడ్డకు ఈ సాయం మరింత అవసరం. అందుచేత ఆమె ఆశ వదులుకోమనలేదు. వెళ్ళి వాళ్ళతో మాట్లాడండి.

ఆమె ఉన్న రోజు బాబు ఎందుకు ఏడవడో మీరెప్పుడైనా దగ్గరుండి గమనించారా? పిల్లల వార్డుల్లో మంచి సిస్టర్లు పనిచేయడం నేను ఏళ్ళ తరబడి చూశాను. వాళ్ళు ‘చీమ కుట్టినట్టు ఉంటుంది’ అని చెప్పరు. ‘నొప్పి ఉంటుంది నాన్నా, అయిదు లెక్కపెట్టేలోగా అయిపోతుంది, ఏ చెయ్యి ఇస్తావు?’ అని అడుగుతారు. వీలుంటే ముందుగానే మొద్దుబారే క్రీము రాసి, అది పనిచేసేదాకా ఓపిక పడతారు. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలున్న కార్డు చూపించి, నీ నొప్పి ఏ బొమ్మలా ఉందో చూపించమంటారు. ఒంటి మీద తన ఇష్టం దేనికీ చెల్లని స్థితిలో ఉన్న పసివాడికి ఏ చెయ్యి అన్నదైనా తన ఇష్టానికి వదిలిన మనిషి మీద, అబద్ధం చెప్పని మనిషి మీద నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం కుదిరినందువల్లే మీవాడు ఆమె దగ్గర చెయ్యి చాపుతున్నాడు.

ఆరేళ్ళవాడికి నిజం చెప్పే ఆ మనిషి, పదకొండేళ్ళ పిల్లకు అబద్ధం చెబుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. జరిగింది అదే. ‘మా ఇంటి సంగతులు ఆమెకెందుకు’ అన్నారు. ఆమె మీ ఇంటికి వచ్చి అడగలేదు. మీ పెద్దపాపే ఆమె ముందు కూర్చుని రెండో చెయ్యి చాపింది.

ఆ మాటను ఇంకొకసారి చదవండి. జ్వరమని మీరు చెప్పారు, ఆ పిల్ల ‘కలవకపోతే’ అంది. అంటే తలుపుల చాటున, ఫోన్ల మధ్యన, అమ్మమ్మ చుట్టాలతో చెప్పుకుని ఏడ్చేటప్పుడు తనకు తానుగా అన్నీ ఏరుకుని పోగుచేసుకుంది. మ్యాచ్ కాలేదని కూడా అలాగే తెలిసి ఉంటుంది. ఇప్పుడది చదువు ధ్యాసలో పడి ఫోన్‌లో మాట్లాడటం లేదని మీరు అనుకుంటున్నారు. తన రక్తం తమ్ముడికి పనికి రాలేదన్న సంగతిని ఒక్కతే మోస్తోందని నేను అనుకుంటున్నాను.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా తమ్ముడికి గుండెజబ్బు బయటపడింది. వాడిని నాన్నగారు గుంటూరు తీసుకువెళ్ళి రెండు నెలలు ఉంచారు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. జబ్బు బయటపడే ముందు రోజు నేను వాడితో చెరువుగట్టు మీద పరుగుపందెం పెట్టుకున్నాను, వాడు ఆయాసపడుతూ కూలబడితే నవ్వాను. ఆ పరుగు వల్లే జబ్బు వచ్చిందని పెళ్ళయ్యేదాకా నమ్మాను. అడగడానికి భయపడ్డాను, ఎందుకంటే అడిగితే అవుననే అంటారనుకున్నాను. ఇంట్లో అందరూ ‘పెద్దది, అర్థం చేసుకుంటుంది, ఎంత బుద్ధిమంతురాలో’ అని నన్ను మెచ్చుకుంటూ ఉండేవారు.

మన ఇళ్ళలో పెద్దపిల్లకు ఇచ్చే ఈ బిరుదంటే నాకు ఒళ్ళుమంట. అల్లరి చేయని పిల్లకు కష్టం లేదని మనం తీర్మానించేస్తాం. మంచాన ఉన్న బిడ్డకు రాత్రింబవళ్ళు చేయడం తల్లి ధర్మమే, అందులో మీరు వెంట్రుకవాసి లోటు చేయలేదని మీ ఉత్తరమే చెబుతోంది. అయితే ఇంకో బిడ్డను కూడా మీరే కన్నారు. అమ్మ దగ్గర ఉంచినంత మాత్రాన ఆ పిల్ల పట్ల మీ బాధ్యత అమ్మ మీదికి వెళ్ళిపోదు.

వచ్చే శుక్రవారం రాత్రి బండికి మీవారిని పాపతో సహా బయలుదేరమనండి. అంతకుముందే ఆ సిస్టర్‌ను అడిగి బాబు కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, ఎలా ఉన్నాయో తెలుసుకోండి. బాగా పడిపోయి ఉంటే కొద్దిరోజులు ఆగమంటుంది. పాపకు జలుబు, దగ్గు ఉన్నా, బడిలో ఎవరికైనా ఆటలమ్మ పోసి ఉన్నా ఆమెకు దాచకుండా చెప్పాలి. బాబుకు జుట్టు లేదనీ, ముఖం వాచిందనీ, మెడ దగ్గర గొట్టం ఉంటే అదీ, పాపకు ముందే చెప్పి లోపలికి తీసుకురావాలి. ఆ పని మీకు చేతకాకపోతే సిస్టర్‌నే అడగండి, సంతోషంగా చేస్తుంది. లోపలికి వచ్చాక పాపను చేతులు కట్టుకుని మూలన నిలబెట్టకండి. వాడు పుక్కిలించేటప్పుడు గిన్నె పట్టుకోమనండి.

ఆ తరువాత బయట బల్ల మీద మీరిద్దరే కూర్చోండి. జబ్బు పేరు చెప్పండి. అది ముట్టుకుంటే అంటుకునేది కాదని, తమ్ముణ్ణి కొట్టినందుకో తిట్టినందుకో వచ్చింది కాదని, తను అడగకపోయినా చెప్పండి. తోబుట్టువులైనా పూర్తిగా కలవడం నాలుగింట ఒక వంతే జరుగుతుందని, అది అమ్మానాన్నల నుంచి పుట్టుకతో వచ్చినదే తప్ప పరీక్షలో తప్పడం లాంటిది కాదని, ఏ చేతిలో చూసినా రక్తం ఒకటేనని చెప్పండి. తమ్ముడు బతుకుతాడా అని అడిగితే, ‘డాక్టర్లు చేయగలిగిందంతా చేస్తున్నారు, ఏ సంగతి తెలిసినా నీకు దాచను’ అనండి. అన్నారు గనుక ఆ మాట మీద నిలబడండి. మీకు ఏడుపు వస్తే ఆ పిల్ల ముందే ఏడవండి, తనూ ఏడవడానికి దారి దొరుకుతుంది.

బాబు దగ్గర ఆ రాత్రి మీవారు ఉంటారు. గిన్నె కడగడం, మందులు ఇవ్వడం ఆయనకు రాకపోతే సిస్టర్ చూపిస్తుంది. మీరు మాత్రం పాపను పక్కలో వేసుకుని పడుకోండి.