ప్యాకేజింగ్‌లో కెరీర్ కావాలంటే ఒక పైథాన్ రిలీజ్‌ను చివరిదాకా కట్టండి

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్, షెల్ స్క్రిప్టింగ్, కొంత సీ వచ్చు. పైథాన్ 3.13లో వచ్చిన కొత్త ఇంటరాక్టివ్ ప్రాంప్ట్ (కోడ్ టైప్ చేయగానే ఫలితం చూపే చోటు) నాకు బాగా నచ్చింది. ఇలాంటి రిలీజ్‌లను ప్యాకేజీ చేసే (సోర్స్ కోడ్‌ను కట్టి, లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేయగల రూపంలో ఇచ్చే) పనిలో స్థిరపడొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: స్థిరపడొచ్చు. అయితే 'ప్యాకేజర్' అనే పేరుతో ప్రకటనలు అరుదుగా వస్తాయి. రిలీజ్ ఇంజినీర్, బిల్డ్ ఇంజినీర్, ప్లాట్‌ఫామ్ ఇంజినీర్ అని వెతకండి. రెడ్ హ్యాట్, సూసే, కెనానికల్ వంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (లినక్స్‌ను, దానిమీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను కలిపి ఇచ్చే) సంస్థలకు ఇది రోజువారీ పని. మీరు చెప్పిన రిలీజ్‌నే అభ్యాసానికి తీసుకోండి. దీన్ని సరిగ్గా కడితే ఈ వృత్తిలోని కష్టాలు చాలావరకు మీకే ఎదురవుతాయి.

2024 అక్టోబర్‌లో విడుదలైన 3.13లో ప్రాంప్ట్‌ను పైపై (PyPy, పైథాన్‌కే మరో రూపం) అనే ప్రాజెక్టు కోడ్ ఆధారంగా కొత్తగా రాశారు. యునిక్స్ సిస్టమ్‌లలో దానికి కర్సెస్ (టెర్మినల్ తెరను నడిపే లైబ్రరీ) మద్దతు కావాలి. పైథాన్‌తో వచ్చే పీడీబీ డీబగ్గర్‌లో లైన్ ఎడిటింగ్ మాత్రం ఇంకా రీడ్‌లైన్ (టైప్ చేసే లైన్‌ను దిద్దడానికి, పాత లైన్లు గుర్తుంచుకోవడానికి వాడే లైబ్రరీ) మీదే నడుస్తుంది. కాబట్టి బిల్డ్ డిపెండెన్సీల్లో (కట్టడానికి ముందే ఉండాల్సిన ప్యాకేజీల జాబితాలో) కర్సెస్‌ను అందించే ఎన్‌కర్సెస్, రీడ్‌లైన్ రెండింటి డెవలప్‌మెంట్ ప్యాకేజీలూ ఉండాలి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ డెవలప్‌మెంట్ ప్యాకేజీల్లోని హెడర్ ఫైళ్లు లేకపోయినా బిల్డ్ ఆగదు. వాటిమీద ఆధారపడే పైథాన్ మాడ్యూల్‌ను వదిలేసి ముందుకు పోతుంది, ప్యాకేజీ కూడా తయారవుతుంది. ఏవేవి దొరకలేదో మేక్ (బిల్డ్ నడిపే కమాండ్) లాగ్ చివర్లో ఒక జాబితా మాత్రం వస్తుంది. ఆ జాబితా చదవకుండా ఏ బిల్డ్‌నూ పూర్తయిందనుకోకండి.

మీ ల్యాప్‌టాప్‌లో ఆ హెడర్లు ఎప్పుడో ఇన్‌స్టాల్ అయి ఉంటాయి కాబట్టి, డిపెండెన్సీ రాయడం మరిచినా అక్కడ తేడా తెలియదు. అందుకే మొదటి రోజు నుంచే శుభ్రమైన వాతావరణంలో కట్టండి. దానికి డెబియన్ అయితే ఎస్‌బిల్డ్, ఫెడోరా అయితే మాక్ (mock) అనే టూల్ వాడండి.

ఇన్‌స్టాల్ దశలో 'మేక్ ఇన్‌స్టాల్' కాకుండా 'మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్' వాడండి. మొదటిది పైథాన్3 అనే పేరును కూడా తనవైపు తిప్పుకుంటుంది. సిస్టమ్ టూల్స్ ఆ పేరుమీదే ఆధారపడి ఉంటాయి. ఇంటర్వ్యూలో దీన్ని అడిగే అవకాశం ఉంది, కారణంతో సహా చెప్పగలగాలి.

తర్వాత ఫైళ్ల జాబితా. కొత్త ప్రాంప్ట్ కోడ్ '_పైరెపల్' అనే కొత్త డైరెక్టరీలో ఉంటుంది. 3.12 స్పెక్ ఫైల్‌ను (ఫెడోరా వంటివి వాడే ఆర్‌పీఎం ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైల్‌ను) కాపీ చేసి వెర్షన్ నంబర్ మాత్రమే మారిస్తే, జాబితాలో పేర్లు విడివిడిగా రాసి ఉన్నచోట ఇది తప్పిపోతుంది. ఇన్‌స్టాల్ అయిన ఫైల్ ఏ ప్యాకేజీలోకీ చేరలేదని ఆర్‌పీఎం బిల్డ్ ఆగిపోతుంది. డెబియన్ ప్యాకేజీలు కట్టే డెబ్‌హెల్పర్ టూల్స్‌ను 13వ కంపాట్ (అనుకూలత) స్థాయిలో వాడితే, అందులోని డీహెచ్_మిస్సింగ్ కూడా అలాగే ఆపుతుంది. అప్పుడు ఆ తనిఖీని ఆపేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, వాడేవాళ్లను కాపాడేది ఆ తనిఖీయే.

ఇప్పుడు అసలు పరీక్ష. బిల్డ్ సర్వర్‌లో సాధారణంగా టెర్మినల్ ఉండదు. కోడ్‌ను పైప్ ద్వారా పంపితే పైథాన్ ఇంటరాక్టివ్ మోడ్‌లోకే వెళ్లదు. అందువల్ల టెస్టులన్నీ పాసై, ప్రాంప్ట్ ఒక్కటే చెడిపోయి ఉండొచ్చు. ప్యాకేజీని శుభ్రమైన మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి నిజమైన టెర్మినల్ తెరవండి. మూడు లైన్ల ఫంక్షన్ ఒకటి టైప్ చేసి పై బాణం నొక్కండి. ఫంక్షన్ మొత్తం ఒకే ముక్కగా తిరిగి రావాలి. ఒక్క లైనే వస్తే పాత ప్రాంప్ట్ నడుస్తోందన్నమాట. ఎఫ్1తో సహాయం, ఎఫ్2తో హిస్టరీ, ఎఫ్3తో పేస్ట్ మోడ్ రావాలి. పైథాన్_బేసిక్_రెపల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇస్తే పాత ప్రాంప్ట్ రావాలి. టెర్మినల్ రకాన్ని చెప్పే టర్మ్ (TERM) వేరియబుల్ విలువ డమ్ (dumb) అని ఉన్నప్పుడు క్రాష్ కాకుండా పాతదానికి మారాలి. తెలుగు అక్షరాలు కొన్ని టైప్ చేసి, బ్యాక్‌స్పేస్ నొక్కి, కర్సర్ సరైన చోట ఉందో లేదో కూడా చూడండి. చేతితో చేసిన ఈ పరీక్షల్లో వీలైనన్నింటిని, టెర్మినల్‌లో మనిషిలా టైప్ చేసే ఎక్స్‌పెక్ట్ టూల్‌తో స్క్రిప్టుగా రాస్తే మీ పని మిగతావాళ్ల పనికంటే ఒక మెట్టు పైన కనిపిస్తుంది.

లైసెన్సులూ చదవండి. జీఎన్‌యూ రీడ్‌లైన్‌ది జీపీఎల్, అదే పని చేసే లిబ్‌ఎడిట్‌ది బీఎస్‌డీ తరహా. బిల్డ్‌కు ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్టులో రీడ్‌లైన్ ఆప్షన్‌కు 'ఎడిట్‌లైన్' అని ఇస్తే రెండోది వాడుతుంది. అయితే రెండింటి హిస్టరీ ఫైల్ ఫార్మాట్లు వేరు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే పాత హిస్టరీ ఏమవుతుందో ముందే పరీక్షించాలి.

మీరు కట్టిన పైథాన్‌ను డిస్ట్రిబ్యూషన్‌కు పంపే ఆలోచన మాత్రం వద్దు. దానికి ఇప్పటికే అనుభవజ్ఞులైన మెయింటెయినర్లు (ప్యాకేజీ బాధ్యత చూసేవాళ్లు) ఉన్నారు. పని చేతికొచ్చాక, మీరు రోజూ వాడే చిన్న టూల్స్‌లో మెయింటెయినర్ లేని ప్యాకేజీ ఒకటి వెతకండి. డెబియన్ అలాంటివాటి జాబితాను బహిరంగంగానే ఉంచుతుంది. డెబియన్‌లోనైనా ఫెడోరాలోనైనా మొదట్లో స్పాన్సర్ (మీ పనికి పూచీ ఉండే అనుభవజ్ఞుడు) కావాలి. ఆయన మీ పనిని పరిశీలించి వెనక్కి పంపుతారు, ఒక్కోసారి చాలాసార్లు. ఆ ఓపిక మీకుందో లేదో తెలిసేది అక్కడే.

రెజ్యూమెలో 'ప్యాకేజింగ్ తెలుసు' అన్న ముక్క ఎవరినీ ఆపి చదివించదు. గిట్ రిపాజిటరీ లింక్ ఇవ్వండి. అందులో స్పెక్ ఫైల్ లేదా (డెబియన్‌లో అదే పని చేసే) డెబియన్ డైరెక్టరీ, శుభ్రమైన బిల్డ్ లాగ్, టెర్మినల్ టెస్ట్ స్క్రిప్ట్, ప్రతి ప్యాచ్ పైన అది ఎందుకు కావలసి వచ్చిందో రెండు లైన్లు ఉండాలి. తర్వాత వచ్చే 3.13 బగ్‌ఫిక్స్ రిలీజ్‌లకు కూడా అదే ప్యాకేజీని అప్‌డేట్ చేస్తూ ఉండండి. ఈ వెర్షన్‌కు భద్రతా సవరణలు 2029 అక్టోబర్ దాకా వస్తాయి కాబట్టి డిగ్రీ అయ్యేదాకా సాధనకు కొదవ ఉండదు.